అన్న సొరుగులో నూనె

అన్నదమ్ములిద్దరూ ఒకే షాపులో, పక్కపక్క కుర్చీల దగ్గర పద్దెనిమిదేళ్లుగా క్షవరం చేస్తున్నారు. తమ్ముడి కుర్చీ ఖాళీగా ఉన్నా జనం బెంచీ మీద కూర్చుని అన్న కోసమే ఎదురుచూసేవారు. తమ్ముడి మిషన్ వేడెక్కి వెంట్రుకలు లాగేది.

"ఏమయ్యా, కత్తిరిస్తున్నావా, కలుపు పీకుతున్నావా?" అనేవారు.

మిషన్‌కి ఏ నూనె వెయ్యాలో అతను మొదట్లోనే అన్నని అడిగాడు.

"తలనూనె చాలురా. అసలు సంగతి చేతిలో ఉంటుంది," అన్నాడు అన్న.

తమ్ముడు నమ్మాడు. తనకి చెయ్యి కుదరలేదని భార్యతో కూడా చెప్పుకున్నాడు.

పోయిన వారం అన్న జ్వరంతో రాలేదు. తమ్ముడు దువ్వెన కోసం అతని సొరుగు లాగితే, వెనకాల గుడ్డలో చుట్టిన చిన్న సీసా కనిపించింది. నీళ్లలా పలచగా, ఏ వాసనా లేని మిషన్ నూనె. తమ్ముడు తన మిషన్ విప్పాడు. పళ్ల మధ్య తలనూనె, వెంట్రుకల పొడి కలిసి జిగురులా గట్టిపడి ఉన్నాయి. శుభ్రంగా తుడిచి, ఆ సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు. మిషన్ మోత సగానికి తగ్గింది. ఆ రోజు అతని కుర్చీలో ఎవరూ అబ్బా అనలేదు.

నాలుగో రోజు అన్న వచ్చి, జుట్టు తీయించుకోడానికి తమ్ముడి కుర్చీలో కూర్చున్నాడు. మిషన్ మెత్తగా పాకింది. అద్దంలో అన్న చూపు తన సొరుగు మీదికి వెళ్లి ఆగింది.

"చెయ్యి బాగా తిరిగిందిరా," అన్నాడు అన్న.

"చెయ్యి అదే అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "తల కాస్త వంచు, మెడ దగ్గర ఇంకా ఉంది."