పెయింటు డబ్బాలో ఫోను

ఆమెను వీధిలో అందరూ పరదాల పిన్ని అనేవారు. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అని పిలుస్తుంటే మొదట్లో చిన్నబుచ్చుకునేది. తర్వాత అలవాటైపోయింది. ఇరవై రెండేళ్ళుగా కిటికీలకూ తలుపులకూ పరదాలు కుట్టడమే ఆమె పని.

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, గోడ పొడవునా కప్పు అందేదాకా పేర్చిన బట్ట తానులు. మనిషి పక్కకు తిరిగితేనే దారి. వెనక గదిని తెర కట్టి రెండుగా చేశారు. ఒక పక్క ఆమె, బేకరీలో పొయ్యి దగ్గర పనిచేసే భర్త. రెండో పక్క మామగారు. ఆయన పార్సిలు ఆఫీసు కౌంటరులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. చెవి కాస్త మందం. అయినా తన గురించి మాట్లాడుకుంటే మాత్రం పక్క వీధి నుంచైనా వినబడుతుంది.

ఆ నెలలో ఆమెకు పెద్ద పని తగిలింది. కొత్తగా తెరవబోతున్న ఆస్పత్రిలో ముప్పై రెండు మంచాల చుట్టూ తెరలు కుట్టాలి. రెండు రోజులు నిచ్చెన ఎక్కి దిగి కొలతలు తీసింది. ఒక్కో మంచం దగ్గర పైపు ఒక్కో ఎత్తులో ఉంది. అన్నీ ఫోటోలు తీసి, వాటి మీదే అంకెలు రాసుకుంది. ఎనిమిది నెలల కిందట ఆ పనుల కోసమే కొనుక్కున్న ఫోను అది.

బట్ట కత్తిరించడం మొదలుపెట్టాలనుకున్న రోజు పొద్దున్నే తమ్ముడు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, నీ ఫోన్ వెనక ఏం నంబరుందో చూడు. ఆ రకం బ్యాటరీలు వేడెక్కి అంటుకుంటున్నాయంట. వెంటనే ఆఫ్ చేసి వెనక్కి ఇచ్చెయ్యమని కంపెనీవాళ్ళే చెప్తున్నారు."

నంబరు చూసింది. అదే. చుట్టూ ఉన్న తానుల వంక చూసింది. మరో మాట లేకుండా ఫోను ఆఫ్ చేసేసింది. కొలతలన్నీ అందులోనే ఉండిపోయాయని ఆ తర్వాత గుర్తొచ్చింది.

ఇంతకీ దాన్నెక్కడ పెట్టడం? ముందు గదిలో బట్ట. వెనక గదిలో పరుపులు. వంటింట్లో గ్యాసు బండ. మెట్ల మీద పెడితే మూడంతస్తులవాళ్ళకూ అదొక్కటే దారి. చేత్తో పట్టుకుని ఇల్లంతా రెండుసార్లు తిరిగింది.

"ఇసుకలో పెట్టమ్మా," అన్నారు మామగారు. "మా ఆఫీసులో అనుమానం పార్సిలు వస్తే అదే చేసేవాళ్ళం."

కింద కడుతున్న గోడ దగ్గర ఇసుక అడిగి తెచ్చి, ఖాళీ పెయింటు డబ్బాలో పోసి, మధ్యలో ఫోను పెట్టి, స్నానాలగదిలో ఒక మూల ఉంచింది. అప్పటినుంచి ఎవరు స్నానానికి వెళ్ళినా ముందు డబ్బా బయటికి తేవాలి, అయ్యాక మళ్ళీ లోపల పెట్టాలి. స్నానం చేసినంతసేపూ ఇంకొకరు దానికి కాపలా. భర్త రెండో రోజుకే విసిగిపోయాడు. "చంటిపిల్లలున్న ఇంట్లో కూడా ఇంత కాపలా ఉండదు," అన్నాడు.

సిమ్ తీసి పాత మీటల ఫోన్లో వేసుకుని కంపెనీకి చేసింది. పాట అయ్యాక పాట వచ్చి, చివరికి ఒక అమ్మాయి పలికింది.

"మీ ఫోన్‌కి ఇప్పుడొక అంకె వచ్చింది మేడం. చదవండి."

"సిమ్ వేరే ఫోన్లో వేశానమ్మా. ఇక్కడేమీ రాలేదే?"

"సిమ్‌కి రాదు మేడం. మీరు వెనక్కి ఇస్తున్న ఫోన్ మీదే కనిపిస్తుంది."

"దాన్ని ఆఫ్ చెయ్యమన్నారు కదా?"

"అవును మేడం. దయచేసి ఆన్ చెయ్యకండి. చాలా ప్రమాదం."

"మరి అంకె ఎలా చదవను తల్లీ?"

"ఒక్క నిమిషం ఆన్ చేసి చూడండి మేడం," అందా అమ్మాయి, గొంతు తగ్గించి.

"నువ్వయితే చేస్తావా?"

ఆ అమ్మాయి మాట మార్చింది. వేరే ఫోన్‌తో బిల్లు ఫోటో తీసి పంపించమంది. తమ్ముడి ఫోన్‌తో పంపారు. కావలసినవన్నీ తీసుకుని మనిషి వస్తాడు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లోనే ఉండండి, ఏ రోజన్నది చెప్పలేం అంది.

మళ్ళీ కొలతలకు ఆస్పత్రికి వెళ్ళాలి. కానీ గడప దాటితే ఆ మనిషి వచ్చి వెళ్ళిపోతాడేమో. మామగారిని కూర్చోబెడదామంటే ఆయనకు తలుపు కొట్టినా వినబడదు. మూడు రోజులు ఆమె కిటికీకి అతుక్కుపోయింది. వీధిలో బండి ఆగితే లేచేది. మిషను తొక్కితే ఆ చప్పుడులో పిలుపు వినబడదని అది కూడా మానేసింది. ఊళ్ళో కిటికీలన్నిటికీ తెరలు కుట్టిన మనిషి, తన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడిపోయింది.

మూడో రోజు సాయంత్రం కొరియరతను వచ్చాడు. డబ్బాలోకి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"దీనికి నిప్పంటుకోని పెట్టె కావాలమ్మా. ఇచ్చారా మీకు?"

"నువ్వు తెస్తావన్నారే?"

"నాకెవరూ చెప్పలేదు. నా బండిలో ఇంకా యాభై పార్సిళ్ళున్నాయి. ఇంటి దగ్గర పిల్లలున్నారు. నన్నొదిలెయ్యండి."

ఆమె అతణ్ణి ఏమీ అనలేకపోయింది. "అతను చేసింది సరైన పనే," అన్నారు మామగారు. "నేనైనా తీసుకునేవాణ్ణి కాదు."

మళ్ళీ కంపెనీకి చేస్తే, మీ ఇంటికి మనిషి వచ్చినట్టు నమోదైంది కాబట్టి ఆ పని పూర్తయినట్టే అన్నారు. కావాలంటే మళ్ళీ మొదటినుంచి నమోదు చేసుకోవాలట.

ఆ సాయంత్రం తమ్ముడు ఒక ఉపాయం చెప్పాడు. "బజార్లో పాత ఫోన్లు కొనేవాడున్నాడక్కా. వాడు అడగడు, నువ్వు చెప్పకు. వదిలిపోతుంది."

"వాడు దాన్ని ఎవరికి అమ్ముతాడు?"

"ఎవరికో. మనకెందుకు?"

"ఆ ఎవరో దాన్ని దిండు పక్కన పెట్టుకుని పడుకుంటారురా."

"పోనీ, చెత్తలో వేసెయ్," అన్నాడు భర్త.

"ఆ చెత్త బండి తోలేది మన కిందింటి ఆయనే. పొద్దున లేస్తే మొహం చూసుకోవాలి."

ఆ మాటలన్నాక ఆమెకే లోలోపల ఉడుకు బయలుదేరింది. తప్పు చేసిన కంపెనీ హాయిగా పాటలు వినిపిస్తోంది. తను మాత్రం మంచిగా ఉండాలనుకున్న పాపానికి స్నానాలగదికి కాపలా కాస్తోంది. అమ్మకూడదు, పారెయ్యకూడదు, పంపకూడదు, ఉంచుకోకూడదు. ఇక మిగిలిందేమిటి?

ఆరో రోజు పొద్దున డబ్బా బయటికి తెచ్చిన భర్త కేకేశాడు. ఫోను వెనక పలక అంచు నుంచి లేచి నిలబడి ఉంది. "పిండి పులిసినట్టు పొంగిందే ఇది," అన్నాడు. రోజంతా నిప్పు పక్కన నిలబడే మనిషి, డబ్బా కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది.

కంపెనీ వాళ్ళ మరమ్మతు కేంద్రం ఊరికి ఆ చివర. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి లోపలికి చూసింది. సగం మంది బడి పిల్లలు. ముందు సీట్లో ఒకామె ఒళ్ళో పసిబిడ్డ.

"ఎక్కుతావా లేదా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"లేదు బాబూ. నువ్వు పోనియ్."

నడిచింది. రెండు గంటలు. డబ్బా తీగ అరచేతిలో దిగబడుతుంటే చెయ్యి మార్చుకుంటూ, ఎవరైనా దగ్గరగా వస్తే రోడ్డు అంచుకు జరుగుతూ నడిచింది.

అద్దాల తలుపు ముందు కాపలా మనిషి ఆపాడు. గోడకు అంటించిన కాగితం చూపించాడు. ఆ రకం ఫోను ఈ భవనంలోకి తేరాదు అని ఉంది.

"కంపెనీ ఫోను కంపెనీలోకి రాకూడదు గానీ మా ఇంట్లో ఉండొచ్చా?" అంది.

"నాకు చెప్పిందే నేను చెప్తున్నానమ్మా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. డబ్బా పక్కన పెట్టుకుంది. వచ్చేవాళ్ళు ఏమిటది అని అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ దాచకుండా చెప్పింది. కొందరు వెనక్కి తిరిగారు. ఒకామె తన సంచిలోంచి ఫోను తీసి, వెనక నంబరు చూసుకుని, ఆఫ్ చేసి ఈమె పక్కనే కూర్చుంది. ఇంకొకాయన కూడా. గంట గడిచేసరికి మెట్ల మీద ఐదుగురు. కాపలా మనిషి కుర్చీ తీసుకుని దూరంగా జరిగాడు.

అప్పుడు బయటికి వచ్చాడు మేనేజరు. "ఇక్కడ కూర్చోకండమ్మా. జనం భయపడుతున్నారు."

"నేనూ భయపడుతున్నానండీ, ఆరు రోజులనుంచి. ఇన్నాళ్ళూ ఎవరూ బయటికి రాలేదే?"

ఆమె గొంతు పెంచలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా లేవలేదు. మేనేజరు లోపలికి వెళ్ళి చాలాసేపు ఎవరితోనో మాట్లాడాడు. చివరికి దళసరి చేతి తొడుగులు వేసుకున్న మెకానిక్కు ఇనప పెట్టెతో వచ్చాడు. ఇసుకలోంచి ఫోను తీసి, పొంగిన పలక చూసి, ఊపిరి బిగబట్టి పెట్టెలో పెట్టాడు.

"అందులో నా కొలతలున్నాయయ్యా," అంది.

"దీన్నింక తెరవలేమమ్మా. పోయినట్టే అనుకోండి."

"సరే. ముట్టినట్టు కాగితం రాసివ్వు."

"మెసేజ్ వస్తుందండి."

"ఏ ఫోన్‌కి?"

మెకానిక్కు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళి ముద్ర వేసిన కాగితం తెచ్చిచ్చాడు. ఆమె ఇసుకను దారిలో చెట్టు మొదట పోసి, ఖాళీ డబ్బాతో బస్సెక్కి ఇంటికొచ్చింది.

మర్నాడే ఆస్పత్రికి పరుగెత్తింది. అప్పటికే తెరిచేశారు. మంచాల మీద రోగులున్నారు. ఒక్కొక్కరినీ "కాస్త ఓర్చుకోండి" అని అడుగుతూ, వాళ్ళ తలల మీదుగా టేపు చాచి, ముప్పై రెండూ మళ్ళీ కొలిచింది. ఈసారి నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకుంది. తెరలు తొమ్మిది రోజులు ఆలస్యమయ్యాయి. ఆస్పత్రివాళ్ళు ఆమెకే ఇస్తామన్న కిటికీ పరదాల పని వేరేవాళ్ళకు ఇచ్చేశారు.

వారానికోసారి మీటల ఫోన్లో మెసేజ్ వస్తూనే ఉంది. మీ ఫోను ఇంకా మాకు అందలేదు, బాధ్యత గల వినియోగదారుగా వెంటనే వాపసు చేయండి అని. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి ఫోన్ చేసి కాగితం మీది నంబరు చదివి వినిపించింది. మూడోసారి నుంచి చెరిపేసేది.

ఆరో వారంలో కొత్త ఫోను వచ్చింది. వేరే రకం, దీనికి ఏ భయమూ లేదని పెట్టె మీదే రాశారు. ఆమె దాన్ని తానులకు దూరంగా, గడప అవతల స్టూలు మీద పెట్టి ఛార్జింగు ఎక్కిస్తుంది. నిండేదాకా ఎదురుగా కూర్చుని చేతికుట్టు పని చేసుకుంటుంది.

"ఇంకా ఎన్నాళ్ళే ఈ కాపలా?" అంటాడు భర్త, ఆమెను దాటి లోపలికి వెళ్తూ.

"నువ్వెళ్ళి స్నానం చెయ్యి," అంటుంది సూది మీంచి చూపు తిప్పకుండా.