ఎర్ర సిరా పేర్లు

స్టాంపు ప్యాడు మూత తీస్తే వచ్చే వాసన నాకు ఇప్పటికీ పడదు. ఉట్నూర్ దగ్గరి బడిలో హెడ్‌మిస్ట్రెస్‌ను కాబట్టి రోజుకు పదిసార్లు తీయక తప్పదు. పోయిన సోమవారం గుమాస్తా టీసీ పుస్తకం ముందు పెడితే చదవకుండానే ముద్ర గుద్దేశాను. తర్వాత చూశాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. బడి మానుటకు కారణం: తండ్రి కోరిక మేరకు. నా పాడు చెయ్యి ఎంత పని చేసింది!

అదే మాట ఒకప్పుడు నా పేరు పక్కన రాయబోయారు. అప్పుడు మేము హుజూరాబాద్‌లో ఉండేవాళ్లం. మా బాపు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. నేను పదో తరగతి. నా లెక్కల నోటుబుక్కులో ఒక అబ్బాయి పెట్టిన ఉత్తరం లెక్కల సారుకు దొరికింది. నేను దాన్ని చూడనైనా లేదు. సాయంత్రానికి హెడ్మాస్టరు తీర్పు చెప్పేశారు: వాడికి రెండు బెత్తం దెబ్బలు, నాకు టీసీ. పరీక్షలకు మూడు నెలలే ఉన్నాయి. బాపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇచ్చెయ్యుండ్రి సారూ, ఉన్న పరువన్నా మిగుల్తది."

హెడ్మాస్టరు అన్నదానికి కాదు, బాపు ఒప్పుకున్నందుకు ఏడ్చాను.

టీసీ రాయడం మా బళ్లో క్లాస్ టీచరు పని. మా టీచరు అనసూయమ్మ సోషల్ చెప్పేవారు. పొట్టి మనిషి, బొంగురు గొంతు. హాజరు పట్టీలో ఆడపిల్లల పేర్లు ఎర్ర సిరాతో రాయడం రివాజు. ఆమె మాత్రం అందరివీ నీలం సిరాతోనే రాసేవారు. ఎవరన్నా అడిగితే, ఎర్ర సిరా తప్పులు దిద్దడానికి, పిల్లలకు కాదని కసిరేవారు.

ఆమె కూర్చుని నా టీసీలో గడులన్నీ నింపారు. కారణం దగ్గర రాసింది పైకి చదివారు: అబ్బాయి ఉత్తరం రాసినందున అమ్మాయిని పంపివేయడమైనది. పుస్తకం హెడ్మాస్టరు ముందుకు జరిపారు.

"గిది సర్కారు బడి సారూ. ఆడపిల్లని చెప్పి తక్కువ చూడొద్దని రాజ్యాంగంల ఉన్నది, నేనే పాఠం చెప్తున్న. సంతకం వెట్టుండ్రి. గీ కాగితం వట్టుకొని కలెక్టర్ దగ్గరికి నేనే పోత."

సారు పెన్ను మూత తీయలేదు. చివరికి పుస్తకం మూసి నన్ను క్లాసుకు పొమ్మన్నారు.

దానికి ఆమె నెత్తిన ఎవరూ పూలు చల్లలేదు. ఊరు నానా మాటలంది, ఏడాది తిరగకుండా దూరం బదిలీ చేశారు. వెళ్లే రోజు, ఇదంతా నా మూలానే అని సిగ్గుపడి నేను దండం కూడా పెట్టలేదు. ఆమె చనిపోయారని రెండేళ్ల కింద తెలిసింది.

పోయిన సోమవారం ఆ టీసీ గురించి గుమాస్తాను గట్టిగా అడిగితే నసిగాడు. ఆ పిల్ల ఫోటో బస్సులో ఒక అబ్బాయి తీసి ఫోన్లలో ఊరంతా తిప్పాడట. తీసినవాడు మా పదో తరగతిలోనే నిక్షేపంగా కూర్చున్నాడు. పిల్ల, తండ్రి బయట బెంచీ మీదున్నారు.

"కారణం నిజం రాయి. గప్పుడు సంతకం వెడత," అన్నాను.

అతను రాయలేదు. నా ముద్ర మీద గీత కొట్టి 'రద్దు' అని రాశాను. ఫోటో తీసినవాడి తండ్రిని పిలిపించమని గుమాస్తాకు చెప్పి, పిల్ల తండ్రికి నచ్చజెప్పి ఆమెను క్లాసుకు పంపాను. హాజరు వేయించాలని పట్టీ తెప్పించి తెరిచాను.

ఆ పిల్ల పేరు ఎర్ర సిరాతో ఉంది. ఆడపిల్లలందరి పేర్లూ అంతే. ఆ పట్టీ మీద నెలనెలా సంతకం పెడుతున్నది నేనే.