మ్యాక్‌లో పలకని మాట

మా ఆయనకు గొంతులో క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. ఆపరేషన్‌కు ముందు ఆయన రోజువారీ మాటలన్నీ తన గొంతుతోనే కంప్యూటర్‌లో రికార్డు చేసిపెట్టుకున్నారు. మంచినీళ్లు కావాలి. నొప్పి లేదు. నువ్వు తిన్నావా. తెర మీద ఏ మాటను నొక్కితే ఆ మాట ఆయన గొంతుతో పలికేది. చాలాకాలం మా ఇంట్లో సంభాషణ అలాగే సాగింది.

ఉన్నట్టుండి ఆ పాత ల్యాప్‌టాప్ పాడైపోయింది. రికార్డింగులకు ఇంకో కాపీ ఉంది కాబట్టి నేను కంగారుపడలేదు. మా మరిది తను వాడని మ్యాక్ ల్యాప్‌టాప్ తెచ్చిచ్చాడు. తీరా చూస్తే ఆ మాటలు పలికించే సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసిందట. మ్యాక్‌లో తెరుచుకోనే లేదు.

పంజాగుట్టలోని మా ఇంటి నుంచి ఆటో ఎక్కి అమీర్‌పేటలో ఒక రిపేరు షాపుకు వెళ్లాం. అదే వీధుల్లో మా ఆయన ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు చెప్పారు. షాపతనికి ఆ సంగతి తెలియదు.

“గిది సీదా నడవదు మేడం. మ్యాక్ లోపల్నే విండోస్ ఎక్కించాలె. గప్పుడు నడుస్తది. సాయంత్రం రాండ్రి” అన్నాడు.

సాయంత్రానికి సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. మా ఆయన ‘మంచినీళ్లు’ నొక్కారు. ఏమీ రాలేదు. కాసేపటికి “మం... మంచినీ...” అని ముక్కలు ముక్కలుగా వచ్చింది.

“వస్తుంది గద మేడం, ఇంకేం ఫికర్?”

మా ఆయన ఫోన్‌లో ఏదో రాసి అతని ముందు పెట్టారు. అతను దాన్ని చూడకుండా నావైపు తిరిగి, “సార్ ఏమంటుండు?” అన్నాడు.

“ఆయన్నే అడగండి. ఆయనకు చెవులు బాగానే వినిపిస్తాయి” అన్నాను.

లోపలి విండోస్‌కు మెమరీ చాలడం లేదు, పెంచండి అని ఆయన రాశారు. అతను చదివి, “గట్ల కాదు సార్” అంటూ ఇంకేదో చెప్పబోయాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని తానే మార్చారు. మాట తెగిపోవడం ఆగింది కానీ, నొక్కాక పలకడంలో ఆలస్యం మాత్రం పోలేదు.

ఇంటికి రాగానే మా ఆడపడుచు ఫోన్ చేసింది. “అన్నయ్యా, నిద్ర బాగా పడుతోందా?” అని అడిగింది. ఆయన ‘అవును’ నొక్కారు. అది పలికేలోపే ఆమె, “మళ్లీ నొప్పేమైనా మొదలైందా?” అంది. “అవును” అంది ల్యాప్‌టాప్. ఆమె అక్కడ ఏడుపందుకుంది. ఆమెకు సర్దిచెప్పేసరికి నా గొంతు ఎండిపోయింది. ఆయన విసురుగా మూత వేసి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

నాలుగు రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆయనే వెతికి, ప్రతి మాటా విడి ఆడియో ఫైలుగా ఉందని కనుక్కుని అన్నీ ఫోన్‌లోకి ఎక్కించుకున్నారు. ఇక సాఫ్ట్‌వేర్‌తో పని లేదు. అయితే వాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఒక్కొక్కటీ విని పేరు పెట్టుకోవాలి.

“ఏమండీ, కాఫీనా, టీనా?” అని ఇవాళ వంటింట్లోంచి అడిగాను. ఆయన వెతుకుతున్నారు. నొప్పి లేదు అంది ఫోన్. తర్వాత, తలుపు వెయ్యి అంది. నేను రెండూ పెట్టేశాను.