పోయిండు అన్నందుకు

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, సంఘం అధ్యక్షుడు ఎక్కడున్నాడని ఎవరో అడిగితే, "సార్ పొద్దుగాలనే పోయిండు" అని రాశాను. ఊరికి వెళ్లాడని నా భావం. పది నిమిషాలు తిరక్కముందే ఎనిమిది మంది "ఓం శాంతి" పెట్టేశారు. అసలు సంగతి చెప్పాక, కొత్తగా దిగిన ఒకాయన పెద్దల్ని గౌరవించడం నేర్చుకోమని ఎర్రటి కోపం బొమ్మ జోడించి మరీ రాశాడు. డెబ్బై ఏళ్ల నాకు!

ఈ పాఠం నాకు కొత్త కాదు. డెబ్బైల చివర్లో, హనుమకొండలో ఒక ఆఫీసులో టెలిఫోన్ దగ్గర కూర్చునే ఉద్యోగంలో కొత్తగా చేరాను. ఒకరోజు కోస్తా నుంచి ఒక పై అధికారి ట్రంకు కాల్ చేసి మా ఆఫీసరున్నారా అని అడిగితే, "లేడు సార్, ఘన్‌పూర్ పోయిండు" అన్నాను. "లేడేమిటి, పోయిండేమిటి? మీ నాన్నను కూడా ఇలాగే అంటావా?" అని గద్దించాడు. అంటాను కనుక అవునన్నాను. మూడో రోజుకు మెమో వచ్చింది.

సంజాయిషీలో ఉన్నదున్నట్టు రాశాను: మా ఇళ్లలో బాపును కూడా వచ్చిండనే అంటామనీ, అది చనువే తప్ప అమర్యాద కాదనీ, మీ ఇంట్లో 'అమ్మ వచ్చింది' అంటే అమ్మను కించపరచినట్టా అనీ. మా ఆఫీసరు మా దిక్కువాడే. చదివి, "నువ్వు రాసింది నిజమే బిడ్డా, గని నౌకరి పర్మినెంట్ కాలే గద, జర క్షమించుమని రాయి" అంటూ ఆ కాగితం చింపేశాడు. రాశాను. చేయని తప్పుకు క్షమాపణ రాసిన చెయ్యి ఇప్పటికీ మండుతుంది.

ఆ భయంతో నాలుకను ఎంత దిద్దుకున్నానంటే, ఒక సాయంత్రం ఇంట్లో కూడా అలవాటుగా అమ్మతో "నాన్నగారు వచ్చారు" అనేశాను. గడప దగ్గర చెప్పులు విడుస్తున్న బాపు, "ఎవలొచ్చిన్రు బిడ్డా?" అంటూ తన వెనక ఎవరున్నారో అని తిరిగి చూశాడు.

ఇప్పుడు మా పిల్లలు అందరినీ గారు అనే పిలుస్తారు. 'వచ్చిండు' అన్నది వాళ్లకు సినిమాల్లో నవ్వించడానికి వాడే మాటగానే తెలుసు. నేర్పాల్సిన వయసులో నేనే నేర్పలేదు, వాళ్లకూ ఎక్కడ మెమో వస్తుందోనని. రిటైరయ్యాకే ఆ మాట మళ్లీ నా నోటికొచ్చింది. ఆ అధికారి మీద కోపాన్ని ఇన్నేళ్లు మోశాను. ఈ మధ్య అందులో సగం నా మీదికే తిరుగుతోంది.