మూడు విజిల్స్

ఇంటర్న్‌షిప్‌కని ఊరు కాని ఊరొచ్చి ఒంటరిగా గది తీసుకున్న కాలేజీ పిల్లకు, అమ్మ వంటంతా ఒక్క ముక్కలో చెప్పేసింది: "మూడు విజిల్స్ రాగానే స్టవ్ కట్టేయవే."

రోజూ ఆఫీసు నుంచి రాగానే కుక్కరెక్కించి, మంచమ్మీద వాలి, మూడు లెక్కపెట్టి కట్టేసేది. వారం రోజులూ పలుకన్నమే. బియ్యాన్ని తిట్టింది, కుక్కరును తిట్టింది, చివరికి ఫోన్‌లో అమ్మనూ కడిగేసింది.

ఆదివారం, అట్టలాంటి గోడకు అవతల ఉండే టైలరమ్మ తలుపు తట్టింది.

"అమ్మాయ్, నువ్వు కుక్కరు పెట్టే ముందు కాస్త చెబుదూ. నీ విజిల్స్ కూడా నావనుకుని కట్టేస్తున్నా. అన్నం ఉడకలేదన్నందుకు మా ఆయనతో వారంగా మాటల్లేవు!"

పిల్లకు కళ్లు తెరుచుకున్నాయి. ఆ పూట స్టవ్ పక్కనే నిలబడి లెక్కపెడితే అన్నం పువ్వులా ఉడికింది. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, బియ్యం మార్చానని చెప్పింది.