మూలనున్న తెల్లగీత

"...అది కాదు బాబూ, ఆ గీత తీసెయ్యండి. సీతాకోకచిలుక రెక్క మీద సున్నం పడ్డట్టుంది" అంటోంది పూలకొట్టావిడ.

"అది కొలతగీతమ్మా. తీసేస్తే రెక్క ఎంతదో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మా బావ.

ఏడాదిగా మా బావకు పట్టుకున్న పిచ్చి ఆ గీతే. ఉప్పురవ్వనో, ఉల్లిపొరనో మైక్రోస్కోపు కింద ఫోటో తీసి ఫోన్ కవర్ల మీద వేస్తాడు. ఏ బొమ్మకైనా కింద కుడిమూల తెల్లగీత, పక్కన 'మిల్లీమీటరు' అన్న మాట ఉండాల్సిందే. పెళ్లికూతురొచ్చి బతిమాలినా తియ్యలేదు.

కళ్లజోడు నుదుటికెక్కించి మైక్రోస్కోపు మీదికి వంగాడంటే ఆ మనిషి ఇక్కడ ఉండడు. ఉప్పులో మేడలున్నాయనీ, చిమ్మట రెక్కకు పెంకులు నేశారనీ, వాటి మీద నడుస్తున్నట్టే మెల్లగా చెబుతాడు. వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో మరిచిపోయి వింటారు. ఓసారి నా చొక్కా మీది దుమ్ము గిల్లుకుపోయాడు. వారం తిరిగేసరికి అది నీలం అడవై ఎవరి జేబులోనో వెళ్లిపోయింది.

బొమ్మ అచ్చయిన పొరను కవరుకు అతికించి, అంచులు బ్లేడుతో కోసేది మా అక్క. కిందటేడు జబ్బుపడి లేచాక కుడిచేతికి వణుకు మిగిలింది. పని చెడిన రోజున బ్లేడు ముట్టనని అప్పుడే చెప్పింది. ఆ పని లేకపోతే ఆమెకు పొద్దుపోదు.

మొన్న ఒక సైన్సు టీచరు పుప్పొడి బొమ్మవి వంద కవర్లు అడిగాడు. స్కేలు తీసి గీతను కొలిచి నవ్వాడు.

"ఈ లెక్కన పుప్పొడి రేణువు ఆవగింజంత ఉండాలండీ. గీత సరిచెయ్యండి, లేదా తీసెయ్యండి. అలాగైతేనే తీసుకుంటాను."

వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని బావ ఆ కవరును బల్ల మీద బోర్లించాడు.

టీచరు వెళ్లాక ఒక కవరును వెలుతురులో వంచి చూశాను. తెల్లగీతలోనే కలిసిపోయిన ఇంకో గీత. బ్లేడు జారి, పొర తెగి, కింది తెల్ల ప్లాస్టిక్ బయటపడ్డ చోటు. ఇంకోటి తీశాను. అందులోనూ అక్కడే.

బావ లోపలిగది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"మీ అక్కకు తెలియదురా. ఆ టీచరుకు కుదరదని చెప్పేస్తాలే."

అక్క గుమ్మంలోనే ఉంది. ఆ పూట కోసిన కవర్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ వందా గీత లేకుండా వేసి మీరే కొయ్యండి. మిగతావాటికి మాత్రం గీత ఇంకాస్త పొడుగు పెట్టండి. ఈమధ్య చెయ్యి ఎక్కువ జారుతోంది."