వంకర తిప్పిన డ్రైవు

ఫ్లాపీ పిన్ని ముందు గదిలో మూడు పాత కంప్యూటర్లు ఉంటాయి. పాతవంటే మామూలు పాత కాదు, పాత సామాన్లవాడు కూడా ముఖం తిప్పుకునేంత పాతవి. ముప్పయ్యేళ్ల కిందట ఆవిడ రికార్డింగ్ స్టూడియోలో ఆపరేటరుగా ఉన్నప్పుడు పాటలు కట్టిన సాఫ్ట్‌వేర్ వాటిలో ఇప్పటికీ నడుస్తోంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే. మీ కొత్త కంప్యూటర్ ఆవలించేలోపు నాది పాట అందుకుంటుందని ఆవిడ గొప్పలు పోతుంది. అబద్ధమేం కాదు. ఇంట్లో నాలుగో పాత మెషీను తానేనని బాబాయి చెప్పుకుంటాడు గానీ, వాటి విడిభాగాల కోసం కొట్టు కొట్టూ తిరిగేది ఆయనే.

ఒకరోజు కీబోర్డు వాయించే మాస్టారి కూతురు రేకు డబ్బా పట్టుకుని వచ్చింది. మాస్టారు, పిన్ని పదిహేనేళ్లు ఒకే స్టూడియోలో పనిచేశారు. ఇప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చి తగ్గింది, కుడిచేతికి వణుకు మిగిలింది. డబ్బాలో పన్నెండు ఫ్లాపీలున్నాయి, పాటలు దాచుకునే పాతకాలం డిస్కులు. అందులో ఒకదాంట్లో ఆయన తనకోసం కట్టుకున్న బాణీ ఉంది. దాని ముగింపు ఎన్నడూ కుదరలేదు, అందుకే ఇన్నేళ్లూ ఒక్కరికీ వినిపించలేదు. ఇప్పుడు ముగింపు దొరికింది, చెయ్యే మాట వినడం లేదు. మొత్తం మళ్లీ వాయించడం ఆయన వల్ల కాదు. క్యాసెట్ ఉన్నా దాన్ని దిద్దలేం. ఫ్లాపీలో అలా కాదు, ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో రాసి ఉంటుంది. ఒక స్వరం తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు.

ఇదెంత పని, రేపే నాన్నగారిని తీసుకురమ్మని పిన్ని అభయమిచ్చేసింది. గొప్పలకు పోతే తిప్పలు తప్పుతాయా? పన్నెండింటిలో ఒక్కదాన్నీ పిన్ని కంప్యూటర్లలోని డ్రైవులు చదవనన్నాయి. అదే వయసు ఫ్లాపీలు వేరేవి పెడితే చక్కగా చదువుతున్నాయి. మర్నాడు మాస్టారి ముందు నిలబడి ఆ మాట చెప్పేసరికి పిన్నికి తల కొట్టేసినట్టయింది. పోనీలే పిన్నీ, పాతవి కదా, పాడైపోయుంటాయని కూతురు సర్దిచెప్పబోయింది.

"పాడవలేదు," అన్నాడు మాస్టారు పిన్ని వైపు తిరిగి. "నా డ్రైవు పెంపుడు కుక్క అమ్మాయ్. నా ఫ్లాపీ తప్ప ఇంకోటి ముట్టేది కాదు. నావి బయట పెడితే అవీ తెరుచుకునేవి కాదు."

పిన్ని నుదురు కొట్టుకుంది. ఫ్లాపీల తప్పేం లేదు. మాస్టారి డ్రైవులో చదివే హెడ్డు వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉండేదన్నమాట. వంకరగా రాసిన దాన్ని పిన్ని డ్రైవులు మరీ తిన్నగా చదవబోతున్నాయి. ఆ డ్రైవేమో ఏనాడో తుక్కులోకి పోయింది.

ఇక ఒకటే దారి. తిన్నగా ఉన్న డ్రైవును వంకర చెయ్యాలి. రెండు డ్రైవుల్లో హెడ్డును పట్టి ఉంచే మర కదిలితే మళ్లీ బిగుసుకోదు. మిగిలింది మూడోది, ఆవిడ కంటికి రెప్పలా చూసుకునేది. మర కదలకుండా దానిమీద గోళ్ల రంగు చుక్క పెట్టి మరీ కాపాడుకుంటోంది. ఆ చుక్క గీకేస్తుంటే పిన్నికి నిజంగానే ఏడుపొచ్చింది. బాణీ ఉన్న ఫ్లాపీ గీసుకుపోకూడదని పక్కన పెట్టి, మిగతా పదకొండింటి మీదే ప్రయత్నం. మర వదులు చెయ్యడం, కాస్త జరపడం, ఫ్లాపీ పెట్టడం, చదవలేదని తెర అనడం. మూడు రోజులు ఇదే తంతు. బాబాయి టీ పెట్టి ఇచ్చాడు తప్ప ఒక్క జోకూ వెయ్యలేదు. మూడో రోజు సాయంత్రం తెరమీద ఫ్లాపీలోని పాటల పేర్ల జాబితా బిలబిలా దిగింది. పిన్ని లేచి బాబాయి వీపుమీద ఒక్కటి చరిచింది.

మాస్టారు వచ్చి బాణీ విన్నాడు. పాత ముగింపు దగ్గర పాత శత్రువు ఎదురైనట్టు మొహం పెట్టి, తీసెయ్యమన్నాడు. కొత్త స్వరాలు చెబితే తానే ఎక్కిస్తానంది పిన్ని.

"వద్దు. నేనే వాయిస్తాను."

కూతురు ఆయన చెయ్యి వైపు చూసింది. పిన్ని మాత్రం కంప్యూటరుకు వాయించే కీబోర్డు తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో ఒక పద్ధతి పెట్టింది. అందులో తాళం నడవదు. ఒక మీట నొక్కితే ఒక స్వరం ఎక్కుతుంది, తర్వాతి దానికోసం ఎంతసేపైనా ఆగుతుంది, పాట వేసినప్పుడు మాత్రం ఆ ఆగినదంతా తీసేసి తాళంలో వినిపిస్తుంది. మాస్టారు ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒక్కో మీటా నొక్కాడు. వేలు వణికి పక్క మీట తగిలితే పిన్ని చెరిపేది, ఆయన మళ్లీ నొక్కేవాడు. కూతురు సాయానికి లేవబోతే పిన్ని కళ్లతోనే కూర్చోబెట్టింది. ఇరవై మూడు స్వరాలకు యాభై నిమిషాలు పట్టింది.

తర్వాత మొదటినుంచి వేశారు. ముగింపు ఎక్కడా తడబడకుండా, చకచకా పరిగెత్తి సరిగ్గా దిగాల్సిన చోట దిగింది. పిన్ని గుండె గర్వంతో నిండిపోయింది, అది దాచుకోనూ లేదు. లోపల ఉన్న బాబాయి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆ చివరిది ఎవరు వాయించారని అడిగాడు.

"నేనే. ఇందాకే," అన్నాడు మాస్టారు. "మళ్లీ వెయ్యి అమ్మాయ్. ఆయన కూర్చుని వింటాడు."